పరాయి ఊరు – కొత్త పలుకు

పాఠ్యభాగ పరిచయం

ఉన్నత విద్య కొరకు, ఉద్యోగం కొరకు తెలుగువారు నేడు అనేక దేశాలకు వెళుతున్నారు. విమానం దిగినంత మాత్రాన పరదేశంలో జీవనం కుదురుకోదు. అక్కడి నియమాలను, ఆహారాన్ని, ఋతువులను, అన్నిటికంటె ముఖ్యంగా అక్కడి పలుకును అలవరచుకోవాలి. చైనా దేశంలోని చెంగ్దూ నగరజీవనాన్ని ఉదాహరణగా తీసుకొని, కొత్తచోట స్థిరపడటంలోని కష్టసుఖాలను తెలపడం, భాషాభ్యాసం యొక్క విలువను విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విద్య కొరకు స్వస్థలం విడిచి దూరదేశాలకు వెళ్ళడం కొత్తగా పుట్టిన ఆచారం కాదు. క్రీ.శ. 7వ శతాబ్దంలో బౌద్ధధర్మాన్ని మూలగ్రంథాల నుండి తెలుసుకోవాలనే తపనతో చైనా నుండి భారతదేశానికి తరలివచ్చిన హుయాన్‌త్సాంగ్ చరిత్ర మనకు తెలిసినదే. ఆయన 622వ సంవత్సరంలో పూర్ణ భిక్షుదీక్ష స్వీకరించినది చెంగ్దూ నగరంలో. తరువాత ఎన్నో ఏళ్ళకు, ఎడారులూ పర్వతాలూ దాటి, మన కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చాడు. అక్కడ కొన్ని మాసాలు నిలిచి, మహాసాంఘిక శాఖకు చెందిన అభిధర్మ గ్రంథాలను ఇద్దరు స్థానిక భిక్షువుల వద్ద అధ్యయనం చేశాడు. తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలను వారికి బోధించాడు. స్వదేశంలో పండితుడని పేరు పొందినవాడు పరదేశంలో శిష్యుడై కూర్చోవడానికి సంకోచించలేదు. ఆయన ప్రయాణంలో మనం ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఆ దారిలో నేడు ఎదురు ప్రయాణం సాగుతున్నది. 21వ శతాబ్దపు తొలి దశకం నుండి తెలుగునాటి విద్యార్థులు ఎందరో వైద్యవిద్య కొరకు చైనా నగరాలకు వెళుతూ ఉన్నారు. అటువంటి ఒక విద్యార్థిని చెంగ్దూ చేరినదని ఊహించుకుందాం. ఆమె కల్పిత వ్యక్తి. ఆమెకు ఎదురయ్యే పరిస్థితులు మాత్రం అక్కడ నివసించే విదేశీయులందరికీ పరిచితమైనవే.

చెంగ్దూ నైరుతి చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి రాజధాని. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర పరిధిలోని జనసంఖ్య రెండు కోట్లకు పైమాటే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో లీ బింగ్ అనే అధికారి పర్యవేక్షణలో నిర్మితమైన దూజియాంగ్‌యెన్ నీటిపారుదల వ్యవస్థ నేటికీ ఆ మైదానాన్ని తడుపుతూనే ఉన్నది. పంటకు కొదవలేని సీమ కనుక ఆ ప్రజల నడకలోను, మాటలోను ఒక నెమ్మది కనిపిస్తుంది. ఉద్యానవనాలలోని తేనీటిశాలలలో వెదురు కుర్చీలు వేసుకొని గంటల తరబడి ముచ్చటించడం వారికి ఇష్టమైన కాలక్షేపం. ఆకాశం తరచు మబ్బు కమ్మి ఉంటుంది. అరుదుగా సూర్యుడు కనిపిస్తే సిచువాన్ కుక్కలు బెదిరి మొరుగుతాయని చైనాలో ఒక సామెతే పుట్టింది. మండుటెండలు ఎరిగిన తెలుగు బాలికకు మొదటి నెలలోనే ఆ సామెతలోని నిజం బోధపడుతుంది.

పరదేశంలో మొదటి పని ప్రభుత్వానికి తన ఉనికిని తెలపడం. హోటలులో దిగిన విదేశీయుని వివరాలను హోటలువారే నమోదు చేస్తారు. ఇతర చోట్ల నివసించేవారు, చేరిన 24 గంటలలోగా, తామైనా తమకు ఆశ్రయమిచ్చినవారైనా స్థానిక పోలీసు ఠాణాలో వివరాలు నమోదు చేయించాలి. దీర్ఘకాల విద్యార్థి వీసాపై వచ్చినవారు 30 రోజులలోగా నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. గడువు దాటితే జరిమానా తప్పకపోవచ్చు. పోలీసు సహాయానికి 110, అగ్నిమాపక దళానికి 119, అంబులెన్సుకు 120 అనే సంఖ్యలను తొలినాడే కంఠస్థం చేసుకోవడం అత్యావశ్యకం.

దరఖాస్తు నింపేటప్పుడు ఒక చిత్రమైన చిక్కు ఎదురవుతుంది. చైనీయుల పేరు సాధారణంగా రెండు మూడు అక్షరాలకు మించదు. మన విద్యార్థిని ఇంటిపేరు, రెండు భాగాల సొంతపేరు కలిసి గళ్ళు దాటిపోతాయి. బ్యాంకు ఖాతాలో ఒక తీరుగా, పాస్‌పోర్టులో మరొక తీరుగా పేరు పడితే ప్రతి కార్యాలయంలోను సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అయితే పేరు విషయంలోనే ఒక ఆత్మీయతా ఉన్నది. చైనీయులు మనవలెనే ముందు ఇంటిపేరు, తరువాత సొంతపేరు చెపుతారు. పాశ్చాత్యులకు వింతగా తోచే ఈ వరుస తెలుగువారికి పుట్టుకతో వచ్చినదే.

ఇక అసలు పరీక్ష భాష. పన్నెండేళ్ళు చదువుకొని, ప్రవేశపరీక్షలలో నెగ్గి, రెండు మూడు భాషలు వ్రాయగల యువతి చెంగ్దూ వీధిలో నిలిచినప్పుడు ఒక్కసారిగా నిరక్షరాస్యురాలవుతుంది. బస్సు మీది పలక, మందుసీసా మీది సూచన, తలుపు మీది హెచ్చరిక, ఏదీ చదవలేదు. మన ఊళ్ళలో చదువురాని పెద్దలు బస్సు పేరు చెప్పమని, ఉత్తరం చదివి పెట్టమని అడిగినప్పుడు వారి కంఠంలో ధ్వనించే బిడియం ఎటువంటిదో ఆమెకు ఆనాడు అర్థమవుతుంది. తన చదువు పోలేదు, కాని ఇక్కడ అది అక్కరకు రావడంలేదు. ఈ అవమానభారం భరించలేక కొందరు తమ దేశీయుల నడుమనే ఉండిపోతారు. వసతిగృహం, తరగతి గది, భారతీయ భోజనశాల అనే మూడు గోడల మధ్య కొన్ని సంవత్సరాలు గడిపి తిరిగి వస్తారు. వారు చైనాలో ఉన్నారేగాని చైనాను చూడలేదు.

చైనా భాషలో ఒకే ధ్వనిని పలికే స్వరాన్ని బట్టి అర్థం మారుతుంది. ప్రామాణిక భాషలో ప్రధాన స్వరాలు నాలుగు. 'మా' అనే మాటను ఎత్తయిన స్వరంలో సమంగా పలికితే తల్లి, కింది నుండి పైకి ఎత్తి పలికితే నారనిచ్చే ఒక మొక్క, దించి ఎత్తితే గుర్రం, పై నుండి దిగవిడిస్తే తిట్టడం. ఉచ్చారణను రోమన్ అక్షరాలలో తెలిపే 'పిన్‌యిన్' పద్ధతి 1958లో ఆమోదం పొందింది. అది ఊతకర్ర వంటిది. వీధిలోని రాత అంతా చైనా లిపిలోనే ఉంటుంది. ఒక్కొక్క సంకేతాన్ని గీత గీతగా దిద్దుకోవలసినదే. చిన్ననాడు పలక మీద అ ఆలు దిద్దిన చేయి పద్దెనిమిదేళ్ళ వయసులో మళ్ళీ దిద్దడానికి పూనుకోవాలి.

ఇంత శ్రమించి నాలుగు మాటలు నేర్చుకొని కూరగాయల అంగడికి వెళితే మరొక ఆశ్చర్యం. అక్కడి తూకం కిలో కాదు, 'జిన్'. ఒక జిన్ అంటే అర కిలో. నాణెం పేరు యువాన్ అని పుస్తకం చెపుతుంది. అంగడిలోనివారు దానిని 'ఖ్వాయ్' అంటారు. అంతకంటె చిక్కు సంఖ్యలలో ఉన్నది. ప్రామాణిక భాషలో నాలుగు అనే సంఖ్య సకారంతోను, పది అనే సంఖ్య షకారానికి దగ్గరి ధ్వనితోను మొదలవుతాయి. చెంగ్దూ మాండలికంలో రెండూ సకారంగానే వినిపిస్తాయి. స్వరభేదం ఒక్కటే వాటిని వేరుపరుస్తుంది. మన పల్లెల్లో 'విషం' అనే మాట 'విసం'గా వినిపించడం వంటిదే ఇది. కాని పరదేశికి అక్కడ నాలుగేదో పదేదో తెలియదు. వంకాయల ధర నాలుగనుకొని సంచి నింపుకొంటే పది ఇమ్మంటారు.

ఈ చిక్కుకు పరిష్కారం ఆ అంగడిలోనే ఉన్నది. చైనీయులు ఒంటి చేతితో పెద్ద సంఖ్యలను కూడా సూచిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాచి మిగిలినవి ముడిస్తే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాచితే ఎనిమిది. పదికి రెండు చూపుడువేళ్ళను అడ్డంగా కలుపుతారు. కూరలమ్మే ఆమె నవ్వి, వేళ్ళు కలిపి చూపించినప్పుడు మన విద్యార్థినికి కొత్త విద్య లభించినట్లయింది. సైగతో మొదలైన స్నేహం నెలలో మాటల వరకు వచ్చింది.

డబ్బు చెల్లింపు మనకు అంత కొత్త కాదు. ఫోనుతో గళ్ళ సంకేతాన్ని చూపి చెల్లించడం నేడు మన ఊళ్ళలోను ఉన్నది. అక్కడ వీచాట్, అలీపే అనే రెండు సాధనాలు ప్రచారంలో ఉన్నాయి. విదేశీ బ్యాంకు కార్డులను వాటికి జోడించుకొనే సౌకర్యం 2023 నుండి విస్తృతమైనది. ఇంటితో సంభాషించడమే కష్టతరం. మనం నిత్యం వాడే వాట్సాప్ చైనాలో సాధారణంగా పనిచేయదు. అక్కడివారు వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. తల్లిదండ్రులతో మాట్లాడే మార్గాన్ని ప్రయాణానికి ముందే ఆలోచించి ఏర్పరచుకోవాలి. చైనా అంతటికీ ఒకే కాలమానం. అది మన గడియారానికంటె రెండున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి భోజనాలు ముగించి పిలిస్తే అక్కడ పదకొండున్నర అయి ఉంటుంది.

ఆహారం విషయంలో సిచువాన్ తెలుగువారికి సగం పుట్టిల్లు వంటిది. అక్కడి వంటలో మిరపకాయకు పెద్దపీట. అయితే గుంటూరు కారం తిన్న ధైర్యంతో తొలి ముద్ద నోట పెట్టుకొంటే నాలుక మొద్దుబారుతుంది. మిరపతోపాటు 'హువాజియావ్' అనే ఒక రకం గింజల పొట్టును వాడటమే అందుకు కారణం. తిమ్మిరి, కారం కలిసిన ఈ రుచిని 'మా–లా' అంటారు. గమనింపదగిన విషయమేమంటే, మిరపకాయ సిచువాన్‌కూ గుంటూరుకూ కూడా పరదేశియే. అమెరికా ఖండంలో పుట్టి, ఓడలెక్కి, గడచిన నాలుగైదు శతాబ్దాలలో ఈ రెండు సీమలకూ చేరింది. నేడు అది లేని వంటను ఆ ఊరివారూ ఊహించలేరు, మనమూ ఊహించలేము. పరాయిది అనదగినది కాలక్రమంలో సొంతమవుతుందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

శాకాహారులు మాత్రం జాగరూకత వహించాలి. సోయాపాల గడ్డతో చేసే 'మాపో తోఫు' చెంగ్దూలో పుట్టిన ప్రసిద్ధ వంటకం. చూపులకు శాకాహారంవలె ఉన్నా, అందులో సాధారణంగా మాంసపు తురుము కలుపుతారు. 'వో చి సు', అనగా 'నేను శాకాహారం తింటాను' అనే వాక్యం నేర్చుకోవడం మేలు. నగరంలోని వెన్షూ బౌద్ధవిహారంలో శాకాహార భోజనం లభిస్తుంది. వెన్షూ అంటే మన మంజుశ్రీ బోధిసత్త్వుడే. ఇక మంచినీరు అడిగితే వేడినీరే వస్తుంది. రైళ్ళలోను, స్టేషన్లలోను కూడా వేడినీటి కుళాయిలుంటాయి. అందుకే ప్రయాణికుల చేతిలో మూతగల సీసా కనిపిస్తుంది.

భాష కొంత పట్టుబడిన తరువాత మన విద్యార్థినికి ఒక రహస్యం దొరికింది. చైనా బంధువాచకాలను ఆంగ్లం ద్వారా నేర్చుకొన్నంత కాలం అవి కష్టంగా ఉండేవి. తెలుగుతో పోల్చుకొన్ననాడు తేలికయ్యాయి. ఆంగ్లంలో అన్నకూ తమ్మునికీ వాడుకలో ఒకే మాట. చైనా భాషలో అన్న 'గగ', తమ్ముడు 'దీదీ'. అక్క 'జియేజియే', చెల్లెలు 'మేయిమేయి'. మేనమామ 'జియూజియు', మేనత్త 'గూగూ'. తల్లి సోదరునికీ తండ్రి సోదరునికీ వేరువేరు పిలుపులుండటం మన ఇంటి పద్ధతే. ముక్కుమొగం తెలియని పెద్దలను సైతం వరుస పెట్టి పిలవడం అక్కడా మర్యాద. పాతతరంవారు ఎదురైతే 'భోజనం చేశావా?' అనే పలకరిస్తారు.

వసతిగృహం ద్వారం వద్ద కూర్చొనే ఉద్యోగినిని విద్యార్థులందరూ 'ఆయీ' అని పిలుస్తారు. ఆ మాటకు పిన్ని అని అర్థం. మన 'ఆయా'తో దానికి సంబంధం లేదు. ఆయీ మాట్లాడేది అచ్చమైన సిచువాన్ పలుకు. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మన విద్యార్థిని ప్రతి సాయంకాలం పది నిమిషాలు ఆమె వద్ద నిలబడేది. వాన గురించి, కూరల ధరల గురించి, ఆయీ కూతురి చదువు గురించి వినేది. తప్పులు పలికితే ఆయీ నవ్వేది, దిద్దేది. కొన్నాళ్ళకు తెలిసిన సంగతి ఏమంటే, ఆయీ కూడా ఆ నగరానికి చెందినది కాదు. దూరపు పల్లె నుండి పని వెతుక్కొంటూ వచ్చినది. నగరం ఆమెకూ ఒకనాడు పరాయిదే.

శీతకాలం వచ్చింది. ఉత్తర చైనా నగరాలలో ఇళ్ళకు సామూహికంగా వేడిని సరఫరా చేసే ఏర్పాటున్నది. చెంగ్దూ వంటి దక్షిణాది నగరాలలో సాధారణంగా అది ఉండదు. చెమ్మతో కూడిన చలి గదిలోనే ఎముకలు కొరుకుతుంది. అంతలో చాంద్రమాన నూతన సంవత్సరమైన వసంతోత్సవం వచ్చింది. జనులందరూ స్వగ్రామాలకు తరలిపోయారు. దుకాణాలు చాలవరకు మూతపడ్డాయి. సంక్రాంతికి ఊరు చేరలేకపోయినవారి దిగులు ఎటువంటిదో తెలిసినవారికి ఆనాటి ఆమె స్థితి వేరుగా చెప్పనక్కరలేదు. పండుగ ఉదయం తలుపు తట్టిన చప్పుడు వినిపించింది. ఎదురుగా ఆయీ. చేతిలో వేడి గిన్నె. అందులో బియ్యపుపిండిలో నువ్వుల పూర్ణం పెట్టి ఉడికించిన 'తాంగ్‌యువాన్' ఉండలు. సాధారణంగా ఆ పూర్ణంలో పందికొవ్వు కలుపుతారు. ఆయీ చేతులు ఊపుతూ, 'కొవ్వు వేయలేదు, నూనె వేశాను. నీవు సు కదా!' అన్నది. ద్వారం వద్ద గడిపిన పది నిమిషాల ఫలం అది. ఆ రోజు కాపలా ఉద్యోగం వలన ఆయీ కూడా తన ఊరికి వెళ్ళలేదు. ఇద్దరు పరదేశులు కలిసి పండుగ చేసుకొన్నారు.

ఏళ్ళు గడిచాయి. ఆసుపత్రిలో శిక్షణ మొదలైనది. తరగతిలో వైద్యశాస్త్రాన్ని ఆంగ్లంలో బోధించవచ్చు, కాని రోగి ఆంగ్లంలో మూలగడు. పల్లె నుండి వచ్చిన ఒక వృద్ధుడు పొట్ట పట్టుకొని పడుకొని ఉన్నాడు. నొప్పి ఎన్ని రోజులుగా ఉన్నదని అడిగితే సకారంతో మొదలైన సంఖ్య చెప్పాడు. నాలుగా? పదా? అంగడిలో పొరబడితే పోయేది కొద్దిపాటి డబ్బు. ఇక్కడ పొరబడితే రోగనిర్ణయమే మారిపోవచ్చు. తోటి విద్యార్థులు తెల్లబోయి చూస్తున్నారు. మన విద్యార్థిని 'తాతయ్యా' అని ఆ ఊరి పలుకులో సంబోధించి, ఆయీ వద్ద విన్న స్వరంతో ప్రశ్నను మళ్ళీ అడిగింది. నాలుగు వేళ్ళు చూపింది. వృద్ధుడు తల అడ్డంగా ఊపి, వణకుతున్న రెండు చూపుడువేళ్ళను ఒకదానిపై ఒకటి కలిపాడు. పది. ఆమె వ్రాసుకొన్నది. వృద్ధుడు ఊరటగా ఊపిరి పీల్చుకొని, మిగిలిన బాధ అంతా ఆమెకే చెప్పసాగాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు అన్నారు. మంచి నోరు అంటే మృదువుగా పలకడం మాత్రమే కాదు. ఎదుటివారి పలుకును మన నోట పలకడానికి సిద్ధపడటం కూడా. నివాస పత్రాలు, బ్యాంకు ఖాతా, వెచ్చని దుప్పటి, ఇవన్నీ అవసరమే. అవి మనిషిని ఒక ఊరిలో ఉండనిస్తాయి. ఆ ఊరు మనిషిని నమ్మేది మాత్రం ఆమె తమ మాట వింటున్నదని తెలిసిననాడే. ధాన్యకటకంలో కొన్ని మాసాలు కూర్చొని చదువుకొన్న ఆ చైనా యాత్రికునికి ఈ సంగతి తెలుసు. చెంగ్దూలో ఒక ముసలి రైతు మంచం పక్కన నిలిచిన తెలుగు విద్యార్థినికీ అది తెలిసింది.

కఠిన పదాలు – అర్థాలు

స్వస్థలం = సొంత ఊరు
సంకోచం = వెనుకంజ, జంకు
పరిచితం = తెలిసినది
నిరక్షరాస్యురాలు = చదవడం, వ్రాయడం రానిది
బిడియం = సిగ్గు, మొగమాటం
అత్యావశ్యకం = మిక్కిలి అవసరమైనది
మాండలికం = ఒక ప్రాంతానికి పరిమితమైన భాషాభేదం
నిదర్శనం = ఉదాహరణ, దృష్టాంతం
జాగరూకత = మెలకువ, జాగ్రత్త

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. చెంగ్దూ నగరంలో విదేశీయులకు ఎదురయ్యే ఇబ్బందులను, వాటిని అధిగమించే మార్గాలను వివరించండి.
2. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అనే సామెత ఈ పాఠానికి ఏవిధంగా అన్వయిస్తుందో చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. హుయాన్‌త్సాంగ్ ప్రస్తావనతో పాఠం ఆరంభించడంలోని ఔచిత్యమేమి?
2. తెలుగు, చైనా భాషల బంధువాచకాలలోని పోలికలను తెలపండి.
3. మిరపకాయను పరదేశి అని రచయిత ఎందుకన్నారు?

ఇ) ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. వారు చైనాలో ఉన్నారేగాని చైనాను చూడలేదు.
2. నగరం ఆమెకూ ఒకనాడు పరాయిదే.
3. రోగి ఆంగ్లంలో మూలగడు.

ఈ) భాషాభ్యాసం
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: అత్యావశ్యకం, విద్యార్థిని, వసంతోత్సవం, మంచిదైతే.
2. విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెలపండి: తల్లిదండ్రులు, నగరజీవనం, నాలుగు వేళ్ళు, పరదేశం.
3. మీ ప్రాంతపు మాండలికంలో మాత్రమే వినిపించే పది మాటలను సేకరించి, ప్రామాణిక భాషలో వాటి అర్థాలు వ్రాయండి.